2022 అబార్షన్ తీర్పుతో మామూలు ఆడవాళ్లకు ఒరిగిందేమిటి? గాజువాక నుంచి నా జవాబు

2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇచ్చిన అబార్షన్ తీర్పు వల్ల మామూలు ఆడవాళ్లకు నిజంగా ఏమైనా ఒరిగిందా అని అడిగారు. ఒరిగింది. కాకపోతే టీవీల్లో చెప్పింది కాదు. పెళ్లికాని అమ్మాయిలకు కూడా 24 వారాల వరకు అన్న ఒక్క ముక్క పట్టుకుని సంస్కృతి పాడైపోయిందని అరుచుకున్నారు. నేను చూసిన చర్చలో నలుగురూ మగవాళ్లే, అది వేరే సంగతి.

మాకు పనికొచ్చిన ముక్క ఇంకొకటి. మేజరైన ఆడమనిషికి ఆమె సమ్మతి ఒక్కటే చాలు, ఇంట్లోవాళ్ల అనుమతి అనీ, చట్టంలో లేని కాగితాలు అనీ డాక్టర్లు అడగకూడదని జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం చెప్పింది.

మా తోటికోడలు లెక్కల టీచర్. ఇద్దరు పిల్లలు. మా మరిది మర్చంట్ నేవీ. కాపర్ టీ ఉండగానే నెల తప్పింది. ఫోన్లో ఇద్దరూ మాట్లాడుకుని వద్దనుకున్నారు, ఆ తర్వాత ఆయన దొరకలేదు. విశాఖలో జగదాంబ దాటాక ఒక నర్సింగ్‌హోమ్‌కి వెళ్లాం. ఆ సందుల్లో స్కూటీ పెట్టడానికి చోటు దొరికేసరికే ప్రాణం పోయింది.

కౌంటర్ దగ్గరమ్మాయి హాలంతా వినపడేలా "అబార్షనా మేడమ్? మీ ఆయన రాలేదా?" అంది. ఓడ మీదున్నారన్నాం. "అయితే అత్తగారో మామగారో వచ్చి సంతకం పెట్టాలి. ఆధార్ కూడా తేవాలి." మా వీధిలో ఆవిడొకరు టోకెన్ పట్టుకుని కూర్చుని, ఫ్యాన్ వైపు చూస్తున్నట్టు నటిస్తోంది. గర్భం తీయించుకున్న మనిషి వివరాలు బయటపెట్టిన డాక్టరుకి ఏడాది వరకు జైలని అబార్షన్ చట్టానికి 2021లో చేసిన సవరణలో ఉంది. ఆ భయం డాక్టరు గది దాటి కౌంటర్ దాకా రాలేదు.

మా తోటికోడలు అప్పటికే బ్యాగులోంచి పెన్ను తీసింది. క్లాసు మొత్తం ప్రోగ్రెస్ కార్డుల మీద చెల్లే సంతకం, ఇక్కడ చెల్లదట. "పోనీలే అక్కా, అత్తయ్యగారికి ఫోన్ చేద్దాం" అంది నెమ్మదిగా. మా అత్తగారికి చెప్పడమంటే పెందుర్తి దాకా చుట్టాలందరికీ కార్డు వేసినట్టే.

ఫోన్లో తీర్పు తీసి చూపించాను. ఎవరూ చూడలేదు. అప్పుడొక తెల్లకాగితం ముందుపెట్టి, "భర్త సంతకం లేకపోతే చెయ్యమని దీని మీద రాసి స్టాంపు వెయ్యండి, వెళ్లిపోతాం" అన్నాను. ఆ అమ్మాయి కాగితం పట్టుకుని లోపలికెళ్లింది. కాసేపటికి డాక్టరుగారే పిలిచారు. "చట్టం నాకూ తెలుసమ్మా. రేపు వాళ్లాయన వచ్చి నా మీద గొడవకి దిగితే?" అన్నారు. అదీ అసలు సంగతి! చివరికి ఫారం సి అనే సమ్మతి పత్రం మీద ఆమె ఒక్కతే సంతకం పెట్టింది. అందులో భర్త సంతకానికి గడే లేదు.

మొదటి 1971 అబార్షన్ చట్టంలోనూ అడిగింది ఆమె సమ్మతే. ఇన్నేళ్లూ ఆసుపత్రులు సొంత రూలు నడిపాయి, ఊళ్లో చాలాచోట్ల ఇప్పటికీ ఇంతేనని నా గట్టి నమ్మకం. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, అక్కడ అబార్షన్‌ను హక్కుగా చేసిన పాత రో తీర్పును కొట్టేసినప్పటి నుంచి మనమే ముందున్నామని వాట్సాప్‌లో తెగ పొంగిపోయారు. ఇక్కడ కూడా అడగ్గానే చేసేయరు. 20 వారాల వరకు ఒక డాక్టరు, 24 వరకు ఇద్దరు సరేననాలి. 2023 అక్టోబర్‌లో 26 వారాలు దాటిన ఒక తల్లికి అదే చంద్రచూడ్ గారి ధర్మాసనం కుదరదంది. అయితే భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్ని ఈ చట్టం వరకు అత్యాచారం కిందే చూడాలని 2022 తీర్పులో ఉంది, కేసు పెట్టి రుజువు చేయనక్కర్లేదని కూడా. దాని గురించి టీవీలో ఎవరూ అరవలేదేం?

మా మరిది సింగపూర్‌లో దిగి ఫోన్ చేసి, "నా సంతకం లేకుండా ఎలా చేశారు వదినా?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ. చదువుకున్నవాడే.

మీకో, మీవాళ్లకో అవసరమైతే వారాలు లెక్కపెట్టుకుని తొందరగా వెళ్లండి, మెడికల్ షాపులో చీటీ లేకుండా మాత్రలు కొని మింగకండి. బ్యాగులో ఒక తెల్లకాగితం పెట్టుకోండి. స్టాంపు వేసి ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు.