పైన వచ్చింది తనదేననే మీడియేటరుకు ఇల్లు అప్పగించవద్దు

గుంటూరులో మీ నాన్నగారి ఇంటిని అమ్మే విషయంలో మీరు మూడు సంగతులు అడిగారు: ఒక్క మీడియేటరుకే చెప్పాలా, నలుగురికీ చెప్పాలా అన్నది మొదటిది, కమీషన్ ఎంత ఇవ్వడం సబబు అన్నది రెండోది, మీరు బెంగళూరులో ఉంటున్నారు కనుక అతని పేరునే జీపీఏ (మన తరఫున సంతకాలు పెట్టే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసి ఇచ్చేస్తే పని సులువవుతుందా అన్నది మూడోది. బ్రాడీపేటలో మా నాన్నగారి ఇల్లు అమ్ముడుపోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది, ఈలోగా మీడియేటర్ల వ్యవహారం మూడు సార్లు మారింది. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను. మొదటి రెండు సార్లూ జరిగినదానిలో సగం తప్పు మాదేనని ముందే ఒప్పుకుంటున్నాను.

మాది 1970ల చివర కట్టిన ఒకే అంతస్తు స్లాబు ఇల్లు. దస్తావేజు ప్రకారం ఐదు సెంట్లు, అంటే 242 గజాల స్థలం. నాన్నగారు పోయాక అమ్మ హైదరాబాదులో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోవడంతో ఇంటికి తాళం పడింది. ఎంత ఎక్కువమందికి చెబితే అంత త్వరగా అమ్ముడుపోతుందనే ఉద్దేశంతో మొదట నలుగురు మీడియేటర్లకు చెప్పాను. వారిలో ప్రతి ఒక్కరూ తమకు తోచిన ధర చెప్పుకుంటూ పోవడం వల్ల, ఒకే కొనుగోలుదారు మా ఇంటిని రెండు మూడు ధరలకు విన్న సందర్భాలు ఉన్నాయి. అలా విన్నవాడు తక్కువ ధర దగ్గర ఆగడమే కాదు, అమ్మేవారికి ఏదో అవసరం ముంచుకొచ్చిందని కూడా అనుకుంటాడు. నాలుగో నెలలో మా వీధి చివరి మందుల షాపు యజమాని నన్ను ఆపి, "ఏమండీ, మీ ఇంటి మీద ఏదో కేసు ఉందట కదా?" అని అడిగారు. ఏ కేసూ లేదు. ఇల్లు నాలుగు నెలలుగా నలుగురి నోళ్లలో నానుతూ ఉండటమే ఆ పుకారుకు కారణం. కనుక మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఒక్కరికే చెప్పమని. అయితే గడువు పెట్టి మాత్రమే చెప్పండి.

రెండో వ్యవహారం అంతకన్నా ఖరీదైన పాఠం. ఒక మీడియేటరు వచ్చి, "గజం అరవై వేల చొప్పున మీ చేతికి వచ్చేలా నేను చూస్తానండి, మీరు నాకు కమీషన్ ఇవ్వనక్కర్లేదు, పైన ఏమైనా వస్తే అది నాది" అన్నాడు. వినడానికి ఎంతో బాగుంది. ఐదు లక్షలు అడ్వాన్సుగా ఇచ్చి, ఆరు నెలల గడువుతో, తన బావమరిది పేరున అగ్రిమెంటు రాయించుకున్నాడు. ఆషాఢం వస్తే పార్టీలు కదలరని, ఆ లోపే సంతకాలు అయిపోవాలని రెండు రోజులు తొందరపెట్టాడు. ఆ అగ్రిమెంటులో "కొనుగోలుదారు పేరున గాని, వారు సూచించిన వారి పేరున గాని" రిజిస్టరు చేయవలెనన్న వాక్యం ఉంది. చదివాను, కానీ తాను మరొకరికి ఎక్కువ ధరకు అమ్మి, వాళ్ల పేరునే మా చేత రిజిస్టరు చేయించవచ్చన్న దాని అర్థం నాకు అప్పుడు తట్టలేదు. ఇల్లు చూడటానికి ఎవరైనా వచ్చినప్పుడు ఇంటివాళ్లు ఉండకపోతేనే మంచిదని కూడా అతను చెప్పాడు.

ఒక ఆదివారం సంపు కడిగించడానికి నేను వెళ్లిన సమయంలోనే అనుకోకుండా ఒక జంటను అతను తీసుకువచ్చాడు. ఫోను రావడంతో అతను గేటు బయటికి వెళ్లగానే, ఆవిడ వంటింటి గట్టు మీద చెయ్యి వేసి చూస్తూ, "గజం అరవై ఆరు వేలంటే ఈ పాత స్లాబుకు కాస్త ఎక్కువేనండీ, తగ్గించరా?" అని నన్నే అడిగింది. గజానికి ఆరు వేలు తేడా. 242 గజాలకు 14,52,000 రూపాయలు. మాకు చెప్పిన అరవై వేల ధర మీద నేను ఒక శాతం కమీషన్ ఇచ్చి ఉంటే అతనికి వచ్చేది 1,45,200. అంటే మేము కమీషన్ మిగుల్చుకున్నామని సంతోషిస్తున్న బేరంలో అతను దానికి సరిగ్గా పది రెట్లు చూసుకున్నాడు. డబ్బు మాట అలా ఉంచండి, ఆ పద్ధతిలో మాకు జరిగిన అసలు నష్టం మరొకటి. అరవై రెండు వేలకు సిద్ధపడిన వాళ్లను కూడా అతను మా దాకా రానివ్వలేదు, ఎందుకంటే ఆ ధరకు అతనికి మిగిలేది తక్కువ. పైది తనదన్న క్షణం నుంచి అతను మన మధ్యవర్తి కాడు, మన దగ్గర కొని మారుబేరానికి అమ్ముకునే వ్యాపారి. ఐదు లక్షలతో కోటిన్నర ఆస్తిని ఆరు నెలలు కట్టిపడేశాడు.

గడువు ముగిశాక పొడిగించమని అడిగితే మేము ఒప్పుకోలేదు. అడ్వాన్సు మేము ఉంచేసుకోవచ్చని మా వకీలు చెప్పినా, గొడవ ఎందుకని తిరిగి ఇచ్చేసి, అసలు అగ్రిమెంటు కాగితాన్ని, రద్దు చేసుకున్నట్టు సంతకాన్ని తీసుకున్నాం. ఆ అగ్రిమెంటు రిజిస్టరు కాలేదు కనుక ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) పడలేదు. పడి ఉంటే రద్దు దస్తావేజు కూడా రిజిస్టరు చేయించడానికి అతని వెంట తిరగవలసి వచ్చేది.

మూడో మనిషిని ఎంచుకోవడంలో మాత్రం కొంత బుద్ధి ఉపయోగించాను. రిజిస్ట్రారు కార్యాలయం దగ్గర ఉన్న దస్తావేజు లేఖరుల్లో ఇద్దరిని కలిసి, పార్టీలతో పాటు చివరి సంతకం దాకా కూర్చునే మీడియేటర్లు ఎవరని అడిగాను. బేరం కుదిర్చి అడ్వాన్సు రోజునే కమీషన్ తీసుకొని మాయమయ్యేవాళ్లెవరో వాళ్లకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ఇద్దరూ చెప్పిన పేరు ఒకటే కావడంతో ఆయనను కలిసి, ఇటీవల ఆయన చేత ఇల్లు అమ్మించుకున్న వారితో మాట్లాడిస్తారా అని అడిగాను. కొన్నవారితో కాదు, అమ్మినవారితోనే మాట్లాడాలి. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద నమోదు సంఖ్య ఉందా అని అడగమని చాలామంది సలహా ఇస్తారు. 2016 నాటి ఆ చట్టం ప్రకారం రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లోని ప్లాట్లు, ఫ్లాట్లను అమ్మిపెట్టే ఏజెంట్లకు నమోదు తప్పనిసరి. మీ పాత సొంత ఇంటిని తిరిగి అమ్మే వ్యవహారం దాని పరిధిలోకి రాదు. ఉంటే మంచిదే, కానీ ఆ సంఖ్య చూసి మాత్రమే నమ్మకం పెట్టుకోకండి.

ఆయన మొదటి రోజు ధర గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. సంచిలోంచి టేపు తీసి, ఒక కొన నన్ను పట్టుకోమని, స్థలం నాలుగు వైపులా కొలిచారు. దస్తావేజులో 33 అడుగుల ముఖం, 66 అడుగుల లోతు అని ఉంది. టేపు మీద లోతు 64 అడుగులే వచ్చింది. ఎప్పుడో మురుగు కాలువ కట్టినప్పుడు ముందు ప్రహరీని రెండడుగులు లోపలికి జరిపి కట్టిన విషయం మాకు గుర్తే లేదు. 242 గజాలని మేము చెప్పుకుంటున్న స్థలం నేల మీద దాదాపు 235 గజాలు. "ఇది మనమే ముందు చెబుదామండి. కొనేవాడు చివర్లో కొలిచి కనిపెడితే ఏడు గజాలతో ఆగడు, మొత్తం ధరే తగ్గించమంటాడు" అన్నారు. ఇంటికి రంగులు వేయించాలని నేను అనుకుంటుంటే, పడగొట్టి కట్టుకునేవాడే ఈ ఇల్లు కొంటాడని, ఆ డబ్బు వృథా చేయవద్దని కూడా చెప్పారు.

తర్వాత కాగితాలు. ఇంటి పన్ను ఇంకా నాన్నగారి పేరునే ఉంది. ఈసీ తీయించి, రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితాలో మా సర్వే నంబరు లేదని చూసి, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకున్నాకే ఇల్లు చూపించడం మొదలుపెట్టారు. మీ నాన్నగారు కూడా వీలునామా రాయకుండా పోయి, ఇల్లు ఆయన స్వార్జితం అయితే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు అందరికీ సమాన వాటా ఉంటుంది. పెళ్లయిన ఆడపిల్ల సంతకం అక్కర్లేదని ధైర్యం చెప్పే మీడియేటరు మీకు తారసపడితే, అక్కడితోనే నమస్కారం పెట్టేయండి.

ఆయనతో మా ఏర్పాటును ఒక తెల్ల కాగితం మీద రాసుకున్నాం. అమ్మకపు ధర మీద మా తరఫున ఒక శాతం. కొనేవారి దగ్గరా ఒక శాతం తీసుకుంటానని ఆయనే ముందుగా చెప్పారు. మన ప్రాంతంలో అది మామూలే, దాచినప్పుడే అనుమానించాలి. డబ్బు మొత్తం రిజిస్ట్రేషన్ రోజునే ఇస్తాం, అడ్వాన్సు రోజున ఏమీ ఇవ్వం. గడువు నాలుగు నెలలు. ఎంత తక్కువ ధర అడిగినా మాకు చెప్పాలి, బేరం మాట్లాడేటప్పుడు రెండు వైపులవాళ్లూ ఎదురెదురుగా కూర్చోవాలి. అసలు దస్తావేజు ఎవరి చేతికీ ఇవ్వం. జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా, ఎవరికి ఏ తేదీన చూడటానికి ఇచ్చామో సిరాతో రాసి ఇస్తాం. మొదటి విడతలో మా దస్తావేజు కాపీలు ఎన్ని ఫోన్లలో తిరిగాయో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరికి గజం అరవై మూడు వేల చొప్పున 235 గజాలకు 1,48,05,000 రూపాయలకు బేరం తెగింది. కమీషన్ పోగా, రెండో మీడియేటరు మాట ఇచ్చిన అరవై వేల లెక్కను అవే 235 గజాలకు వేసి చూస్తే, మాకు ఐదున్నర లక్షలు ఎక్కువ వచ్చాయి.

బేరం తెగిన రోజున కొనేవారు, రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం కట్టిన విలువనే దస్తావేజులో రాసి, ఆ మేరకు చెక్కు ఇచ్చి మిగతాది నగదుగా ఇస్తామన్నారు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిసి 7.5 శాతం కట్టవలసింది వాళ్లే కనుక ఆ కోరిక సహజమే. కానీ స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడే అవకాశం ఉంది, ఆ జరిమానా పడేది తీసుకున్న మన మీద. మా మీడియేటరు ఆ విషయంలో మమ్మల్ని ఒత్తిడి చేయలేదు, చేసేవాళ్లే ఎక్కువ. టీడీఎస్ (ధరలోంచి కొనేవారే పట్టుకొని ప్రభుత్వానికి కట్టే పన్ను) సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. మేము నలుగురు వాటాదారులం, తలా 37 లక్షలే కనుక 50 లక్షల పరిమితి దాటలేదని కొనేవారు అనుకున్నారు. 2024 అక్టోబరు నుంచి అమ్మేవారందరి మొత్తాన్నీ కలిపి చూడాలి కనుక ఒక్కొక్కరి పాన్ మీద ఒక శాతం చొప్పున పట్టుకొని కట్టారు.

ఇక జీపీఏ విషయం. ధర నిర్ణయించే అధికారం, అడ్వాన్సు తీసుకునే అధికారం, సంతకం పెట్టే అధికారం ఒకే మీడియేటరు చేతిలో పెడితే, రెండో మనిషి మాతో చేసినదానిని అతను మీ సంతకంతోనే చేయగలడు. ఇల్లు అమ్మడానికి మీరు నిజంగా గుంటూరు రావలసింది రెండు రోజులే: అగ్రిమెంటు రోజు ఒకటి, రిజిస్ట్రేషన్ రోజు ఒకటి. ఇప్పుడు రిజిస్ట్రేషన్‌కు స్లాటు ముందే తీసుకోవచ్చు కనుక రెండోదానికి తేదీ చూసుకొని రైలు టిక్కెట్టు కొనుక్కోవచ్చు. అదీ కుదరకపోతే ఇంట్లోవాళ్లలో ఒకరికి, ఆ ఒక్క ఇంటికే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇవ్వండి, డబ్బు మాత్రం నేరుగా మీ మీ ఖాతాల్లోనే పడాలని అందులో రాయించండి. ఇంటి తాళాలు మాత్రం మీడియేటరు దగ్గర కాకుండా పక్కింటివాళ్ల దగ్గర ఉంచండి. ఎవరు వచ్చి చూసి వెళ్లారో, ఎంత చెప్పారో మాకు ముందుగా తెలిసింది వాళ్ల ద్వారానే.