ఆ బాణీ కింద ఎవరి పేరు రాస్తావు?

నాక్స్‌విల్, టెనెసీ,
ఆదివారం ఉదయం

చిట్టితల్లికి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో అంతా చెప్పింది. ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టావట. నలుగురూ కలిసి పాత వ్యాను కొన్నారట. వచ్చే నెల నుంచి కెంటకీ మొదలుకొని టెక్సస్ దాకా ఊరూరా కంట్రీ పాటలు, ఈ అమెరికా పల్లె పాటలు, పాడతారట. మొదటి రికార్డు సగం పూర్తయిందట. ఫోను పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంత, భయం ఎంత అని విడదీసి చెప్పలేను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఫిడేలు పెట్టె తెరిచి, తీగలు సవరించి, వాయించకుండానే మూసేశాను. ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. తడబడిన చోట అమ్మ చేత చదివించుకో. ఇంగ్లీషులో నిన్ను కోప్పడటం నాకు చేతకాదు.

మామూలు జాగ్రత్తలు ముందు చెప్పేస్తాను. డ్రమ్ముల పక్కన నిలబడేటప్పుడు చెవుల్లో రక్షణ పెట్టుకో. వచ్చిన డబ్బు ఆ రాత్రే నలుగురి ముందూ లెక్కపెట్టండి. వ్యాను బీమా ఎవరి పేరున ఉందో చూసుకోండి. పాడే రోజు వేళకు తిను.

రాత్రి ప్రయాణం గురించి మాత్రం ఒక్క మాటతో వదలను. 1979లో కచేరీ ముగించుకుని అర్ధరాత్రి దాటాక తిరిగి వస్తుంటే, కారు నడుపుతున్న మా బాస్ వాద్యకారుడు కునుకు తీశాడు. కారు రోడ్డు దిగి కందకం అంచున ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, ఒడిలో ఫిడేలు పెట్టె పట్టుకుని ఆ చీకట్లో కూర్చున్న పది నిమిషాలు ఇప్పటికీ కలలోకి వస్తాయి. ఇంకొక మాట విను. 1952 డిసెంబరు 31న పేరుమోసిన కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ ఈ ఊళ్ళోనే ఆండ్రూ జాన్సన్ హోటల్లో కాసేపు ఆగి, రాత్రి మళ్ళీ కారెక్కాడు. మర్నాడు వెస్ట్ వర్జీనియాలో చూసేసరికి వెనక సీట్లో ప్రాణం లేదు. అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. కారణాలు వేరే కావచ్చు. ఆ భవనం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు నీ వయసు గుర్తొస్తుంది. నాష్‌విల్ నుంచి ఇక్కడికి నూట ఎనభై మైళ్ళు, మధ్యలో కంబర్లాండ్ పీఠభూమి మీద పొగమంచు. రాత్రి పదకొండు దాటితే ఎక్కడ ఉన్నారో అక్కడే పడుకోండి. గది అద్దెకు డబ్బు తక్కువైతే నాకు ఫోను చెయ్యి, ఏ వేళయినా సరే. మొహమాటపడితే నాకు కోపం వస్తుంది.

ఇంకో మాట కూడా మీ అమ్మ చెప్పింది. “ఈ సంగీతం నాది కాదని జనం అనుకుంటారేమో” అన్నావట. ఆ దిగులు ఎవరు పెట్టారమ్మా నీకు? బాంజో మూలం ఆఫ్రికాది. బానిసలుగా తెచ్చినవాళ్ళ చేతుల్లో ఈ నేల మీదికి వచ్చింది. పల్లె ఫిడేలు స్కాట్లండ్, ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్ళది. నీకు అంత ఇష్టమైన ఆ ఏడ్చే స్టీల్ గిటారు హవాయి దీవుల్లో పుట్టింది. నాష్‌విల్ రేడియో కచేరీ గ్రాండ్ ఓల్ ఆప్రీ తొలి రోజుల తారల్లో ఒకడు డిఫోర్డ్ బెయిలీ, హార్మోనికా వాయించే నల్లజాతి మనిషి. 1941లో ఆయనను పంపేశారు. కంట్రీ సంగీత కీర్తిమందిరంలో ఆయన పేరు 2005లో గానీ చేరలేదు, అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. నువ్వు వెళ్తున్న ఇంట్లోకి ఎన్ని వాకిళ్ళ నుంచి మనుషులు వచ్చారో చూడు.

నేను ఈ ఊరికి 1972లో వచ్చాను. విజయనగరంలో కాళ్ళు మడుచుకు కూర్చుని, ఫిడేలు తలను కుడి మడమ మీద ఆనించి నేర్చుకున్నదాన్ని. ఇక్కడి కొండ మనుషులు ఆ వాద్యాన్నే రొమ్ముకు ఆనించి నిలబడి వాయిస్తున్నారు. దాన్ని వాళ్ళూ ఫిడేలనే అన్నారు. ఆ మాట వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని మా ఊళ్ళో అందరూ ఫిడేలు నాయుడు గారనే పిలిచేవారు. ఇంకా వింత విను. ఇక్కడివాళ్ళు కొన్ని పాత పాటలకు నాలుగు తీగలనూ కింది నుంచి పైకి ఏ, ఈ, ఏ, ఈ అని సవరిస్తారు. అంటే స, ప, స, ప. మా మేష్టారు నాకు మొదటి రోజు నేర్పిన సవరణ అదే! ఇంగ్లీషువాళ్ళ దగ్గర మనం రెండు వందల ఏళ్ళ క్రితం తీసుకున్న వాద్యం, మన సవరణలోనే నాకు కొండల్లో ఎదురైంది. నువ్వు రోజూ వాడే నాష్‌విల్ అంకెల పద్ధతి, కార్డుల పేర్లకు బదులు ఒకటి, నాలుగు, అయిదు అని రాసుకునేది, ఎవరో నాకు చూపించినప్పుడు కూడా కొత్తగా అనిపించలేదు. గాయని శ్రుతి మార్చినా సరిగమలు మారవు కదా. వేదిక ఎక్కేటప్పుడు ఇది గుర్తుంచుకో. బెరుకు వద్దు.

నువ్వు పంపిన మూడు పాటలూ విన్నాను. రెండో పాట గురించి గట్టిగానే చెప్తున్నాను, అది తీసెయ్యి. మట్టి రోడ్డు, పాత ట్రక్కు, వరండాలో విస్కీ. నువ్వు ఏ వరండాలో కూర్చున్నావు తల్లీ? మీ ఇంట్లో విస్కీ సీసా నేనెప్పుడూ చూడలేదు. మూడో పాటలో, ఇండియా ప్రయాణానికి ముందు రోజు రాత్రి మీ అమ్మ స్నానాల గదిలోని తూకం మీద సూట్‌కేసు పెట్టి, మాగాయ సీసా తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసిన చోట నేను పాట ఆపేసి ఒక్కదాన్నే కూర్చున్నాను. అది కంట్రీ పాట. పల్లవి మూడుసార్లు ఒకే మాటలతో వస్తుంది, కానీ చరణం మారేకొద్దీ ఆ సీసా అర్థం మారిపోయింది. ఆ విద్య నీకు ఎవరూ నేర్పలేదు, ఉంది. పాడు చేసుకోకు.

ఇక నేను ఈ ఉత్తరం ఎందుకు మొదలుపెట్టానో అక్కడికి వస్తున్నాను. మీ నాన్నకు కూడా ఇది తెలియదు.

నాక్స్‌విల్‌కు ఉత్తరాన కొండల్లో ఒక ముసలామె ఉండేది. బొగ్గు గనిలో పనిచేసే భర్త పోయి చాలా ఏళ్ళయింది. గురువారం సాయంత్రాలు ఆమె వంటింట్లో అయిదారుగురం చేరి వాయించుకునేవాళ్ళం. నేను పులిహోర చేసి పట్టుకెళ్ళేదాన్ని, ఆమె మొక్కజొన్న రొట్టె పెట్టేది. ఒకరోజు అందరూ వెళ్ళాక ఆమె బాంజో మీద మూడు లెక్కల నడకలో ఒక బాణీ వాయించింది. మాటలు లేవు. అంత దిగులుగా, అంత నిబ్బరంగా ఉండే బాణీ నేను అంతకు ముందు వినలేదు. ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగితే, “వచ్చింది, అంతే” అంది. నేను ఇంటికొచ్చి నోటు పుస్తకంలో స్వరాలు రాసుకున్నాను. రెండో ప్రశ్న అడగలేదు.

1982లో ఈ ఊళ్ళో ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఊరంతా జనం. మేం నలుగురం డబ్బులు వేసుకుని మూడు వందల క్యాసెట్లు చేయించాం. ఆ బాణీకి నేను మాటలు రాశాను. అట్ట మీద మాటల పక్కన నా పేరు, బాణీ పక్కన ‘ట్రెడిషనల్’ అని అచ్చు వేయించాను. ఒక శనివారం మేం పాడుతుంటే ఆమె వచ్చింది. పాట అంతసేపూ కదలకుండా కూర్చుంది. తర్వాత వరసలో నిలబడి, మూడు డాలర్లు ఇచ్చి క్యాసెట్టు కొని, కళ్ళద్దాలు పెట్టుకుని అట్ట చదివింది. “ట్రెడిషనల్ అంటే ఎవరిదీ కాదనా?” అని అడిగింది. పాత బాణీ కదండీ అన్నాను. “మా ఆయన పోయిన శీతాకాలం నేను కట్టుకున్నాను” అంది. గొంతులో కోపం లేదు. ఆమె వెనక వరసలో ఇంకా జనం ఉన్నారు. ఒక కుర్రవాడు సంతకం చేయమని కలం చాచాడు. మీతో తర్వాత మాట్లాడతాను అని ఆమెతో అని, ఆ కలం అందుకున్నాను. సంతకం పెట్టి తలెత్తేసరికి ఆమె లేదు.

మర్నాడు వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. సిగ్గుతో అయిదు వారాలు గడిపాను. పులిహోర పట్టుకుని వెళ్ళేసరికి ఇంటికి తాళం. కూతురు వచ్చి ఒహాయో తీసుకెళ్ళిందన్నారు. చిరునామా దొరకలేదు. వసంతకాలంలో పోయిందని తెలిసింది. అమ్ముడుపోని క్యాసెట్లు నూట పన్నెండు ఉన్నాయి. ఒక్కో అట్ట మీద ఆ మాట కొట్టేసి ఆమె పేరు రాశాను. మిగతా నూట ఎనభై ఎనిమిది ఎవరెవరి ఇళ్ళల్లోనో ఆమె పేరు లేకుండానే ఉన్నాయి.

ఈ సంగీతం మొదటి నుంచీ ఈ అప్పు మోస్తూనే ఉంది. 1927లో బ్రిస్టల్‌లో, ఇక్కడికి నూరు మైళ్ళ పైచిలుకు దూరం, కార్టర్ కుటుంబం అనే గాయక బృందం మొదటిసారి రికార్డు చేసింది. ఆ తర్వాత ఏ.పీ. కార్టర్ పాటల కోసం కొండలన్నీ తిరిగాడు. వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు వాద్యకారుడు ఉండేవాడు. మాటలు కార్టర్ రాసుకుంటే, బాణీ రిడిల్ మనసులో పెట్టుకునేవాడు. రికార్డుల మీద పేరు మాత్రం కార్టర్‌ది. హ్యాంక్ విలియమ్స్ తనకు నేర్పింది రూఫస్ పేన్ అనే వీధి గాయకుడని నోరు తెరిచి చెప్పాడు కాబట్టి, ఆ పేరు ఈ రోజు మనకు తెలుసు. పేన్ పేదరికంలోనే పోయాడు, కానీ పేరు మిగిలింది.

మీ నలుగురూ కూడా పాట పుట్టిన రోజే, ఆ గదిలోంచి లేవకముందే, ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి. స్నేహితుల మధ్య కాగితమేమిటి అనకు. పాట నడవనంత కాలం ఎవరూ అడగరు, నడిస్తే అందరికీ జ్ఞాపకాలు మారిపోతాయి. పాడిన ప్రతి చోటూ, తేదీ, పాటల జాబితా మీ రాయల్టీ సంస్థకు పంపడం ఒకరి పనిగా పెట్టుకోండి.

కచేరీ అయ్యాక మీ రికార్డులు అమ్మే బల్ల దగ్గర నిలబడు, ఎంత అలసినా సరే. 1960లో గాయని లొరెట్టా లిన్, ఆమె భర్త తమ మొదటి రికార్డు పట్టుకుని కారులో రేడియో స్టేషను తర్వాత రేడియో స్టేషనుకు వెళ్ళారు. 1996లో గాయకుడు గార్త్ బ్రూక్స్ నాష్‌విల్ అభిమానుల ఉత్సవంలో ఇరవై మూడు గంటలు లేవకుండా సంతకాలు చేశాడు. అంత చెయ్యమనను, నీ ఆరోగ్యం నాకు ముఖ్యం. కానీ వచ్చినవాళ్ళలో సగం మంది తమ కథ చెప్పుకోవాలని వస్తారు. మాట్లాడుతున్న మనిషి పూర్తి చేసేదాకా పక్క నుంచి చాచిన కలం అందుకోకు. వాళ్ళ పేరు అడుగు. నాష్‌విల్ బ్లూబర్డ్ కెఫేలో తొంభై మంది మధ్య నువ్వు పాడిన రోజు నేను వెనక వరసలో చూశాను, చివర్లో ఒక పెద్దాయన నీ చెయ్యి పట్టుకుని ఏదో చెప్తుంటే నువ్వు తలవంచి విన్నావు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో నీకు చెప్పలేదు.

చివరి పాటలో నా రోకటి పాట బాణీ వాడుతున్నావని, అట్ట మీద ‘ట్రెడిషనల్’ అనో ‘అమ్మమ్మ పాట’ అనో వేద్దామనుకుంటున్నావని అమ్మ చెప్పింది. నిన్న రాత్రి నిద్ర పట్టనిది అసలు దీనికే. చిన్నప్పుడు నిన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని పాడాను కాబట్టి నాదనుకున్నావు. అది నాది కాదమ్మా. విజయనగరంలో మా ఇంటికి వడ్లు దంచడానికి వచ్చే ఒకావిడది. రోకలి పైకి లేచేటప్పుడు రాగం, పడేటప్పుడు మాట. మిగతావాళ్ళు పాడే పాటలకు అది వేరుగా ఉండేది, చివరి పాదంలో ఒక మెలిక వేసేది, అది ఆమె సొంతం. ఈసారి నేను రెండో ప్రశ్న అడిగించాను. ఈ తెల్లవారుజామునే ఇండియాకు ఫోను చేసి మా చెల్లెల్ని లేపి అడిగాను. ఆ పాట పాడినావిడ మనవడు అక్కడే ఆటో నడుపుతున్నాడట, నంబరు కనుక్కుంటానంది. అతనితో నువ్వు మాట్లాడే దాకా ఆ పాట రికార్డులో వెయ్యకు.

ఆమె పేరు ఈ కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాశాను. ఇంటిపేరుతో సహా. ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో అమ్మను అడిగి, తప్పు లేకుండా రాయించు.

నీ
అమ్మమ్మ