మడత ల్యాప్‌టాప్ వేడికి ఆగిపోతే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. లేసు అల్లికలకు నమూనాలు గీసి, చుట్టుపక్కల ఆడవాళ్ల చేత అల్లించి, ఆర్డరు ఇచ్చినవారికి పంపడం నా జీవనాధారం. తెర మీదే పెన్నుతో గీసుకోవచ్చన్న ఒక్క కారణంతో, తెరను పూర్తిగా వెనక్కి మడిచే రకం ల్యాప్‌టాప్‌ను 2023 జూన్‌లో 84,000 రూపాయలు పెట్టి కొన్నాను. వారంటీ ఒక్క ఏడాదే. వేసవి వచ్చేసరికి దాని అడుగుభాగం చెయ్యి ఆనించలేనంతగా కాలడం మొదలైంది. గీస్తూ ఉండగానే రెండు మూడుసార్లు దానంతటదే ఆగిపోయింది. 2024 ఏప్రిల్‌లో రాజమహేంద్రవరంలోని సర్వీసు సెంటరుకు తీసుకువెళితే, ఒక పూట ఉంచుకుని, ‘ఈ మోడల్ ఇంతేనండి, కూలింగ్ ప్యాడ్ కొనుక్కోండి’ అని తిరిగి ఇచ్చేశారు. 2025 ఆగస్టులో అది పూర్తిగా ఆగిపోయింది. బటన్ నొక్కితే లైటు కూడా వెలగడం లేదు. బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ పలక) పోయిందని, మార్చడానికి 52,000 అవుతుందని సర్వీసు సెంటరువారు నోటిమాటగా చెప్పారు. భీమవరంలో ఒక షాపువారు ఆరు వేలకు ‘వేడి పెట్టి లేపుతాం’ అంటున్నారు. మంచం మీద పెట్టుకుని వాడటం వల్లే పాడైందని మా వారు అంటున్నారు. నేను గీసిన నాలుగు వందల నమూనాలు అందులోనే ఉండిపోయాయి. తప్పు నాదేనా? బాగు చేయించాలా, వదిలేయాలా? వారంటీ అయిపోయాక కంపెనీని అడిగే హక్కు నాకు ఉంటుందా?

జవాబు: మీరు ఇంకా ఆ ల్యాప్‌టాప్‌ను భీమవరం షాపుకు ఇవ్వకపోతే, దయచేసి ఇప్పుడే ఇవ్వకండి. ఆ షాపువారి నైపుణ్యం మీద అనుమానంతో ఈ మాట చెప్పడం లేదు. బోర్డు మీద ఒకసారి వేడిగాలి తగిలిందంటే, అది ఏ కారణంతో పాడైందో ఆ తరువాత ఎవరూ గట్టిగా చెప్పలేరు, అప్పుడు కంపెనీ ‘బయట విప్పించారు’ అన్న ఒక్క మాటతో తప్పుకుంటుంది. మీ చేతిలో ఉన్న బలమంతా ఆ యంత్రం ప్రస్తుతం ఉన్న స్థితిలోనే ఉంది.

ఇక తప్పు ఎవరిదన్న ప్రశ్న. మీ ల్యాప్‌టాప్‌ను మూసి, బోర్లించి అడుగుభాగం చూడండి. సన్నని గీతల్లాంటి రంధ్రాలు కనిపిస్తాయి. ఈ రకం యంత్రాలలో చాలావాటికి చల్లగాలి అక్కడి నుంచే లోపలికి వెళ్లి, వేడిగాలి మడతబందుల వైపు నుంచి బయటకు పోతుంది. ఇప్పుడు తెరను పూర్తిగా వెనక్కి తిప్పి పలకలా చేయండి. తెర వీపు వచ్చి సరిగ్గా ఆ రంధ్రాల మీదే ఆనుకుంటుంది. రెండింటికీ నడుమ మిగిలే సందు అడుగున ఉండే నాలుగు రబ్బరు కాళ్ల ఎత్తు మాత్రమే. అంటే మీరు ఏ పనికోసం దాన్ని కొన్నారో, ఏ పనికి పనికొస్తుందని చెప్పి మీకు అమ్మారో, సరిగ్గా ఆ భంగిమలోనే దానికి ఊపిరి అందడం తగ్గిపోతుంది. మంచం మీద పరుపు ఆ కాస్త సందును కూడా పూడ్చి ఉండవచ్చు, అంతమేరకు మీ వారి మాటలో కొంత నిజం ఉంది. కానీ ఒళ్లో పెట్టుకుని, పలకలా మడిచి గీసుకోవచ్చని చెప్పి అమ్మిన వస్తువును అలాగే వాడటాన్ని దుర్వినియోగం అనడం న్యాయం కాదు.

మన ప్రాంతం కూడా దానికి అనుకూలించలేదు. చాలా కంపెనీలు తమ పుస్తకాలలో 35 డిగ్రీల గది వేడి వరకే వాడమని రాస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనం అనుకునే రోజుల్లో, కరెంటు పోయిన మధ్యాహ్నాలలో, డెల్టాలోని ఏ ఇంట్లోనూ ఆ హద్దు నిలవదు. ప్రాసెసర్ దాదాపు 100 డిగ్రీలకు చేరితే ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. గీస్తూ ఉండగా మీకు జరిగింది బహుశా ఇదే. దీనికి తోడు మీ వృత్తి. లేసు పని జరిగే ఇంటి నుంచి వచ్చిన ఒక ల్యాప్‌టాప్‌ను విప్పినప్పుడు నేను దగ్గరుండి చూశాను: ఫ్యాను రెక్కలకూ, వేడిని బయటకు చేర్చే రాగి గొట్టం చివర ఉండే పల్చని రేకులకూ మధ్య నూలు పీచు, పౌడరు, గాలిలోని తేమ కలిసి మందపాటి గుడ్డలా పేరుకుని ఉన్నాయి. పట్టకారుతో ఒక అంచు పట్టి లాగితే, ఆ పొర రేకుల అచ్చులతో సహా ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. ఆ గోడ వెనక ఫ్యాను ఎంత గట్టిగా తిరిగినా ప్రయోజనం ఏముంటుంది? కోనసీమలో కొబ్బరి పీచు పని జరిగే ఇళ్లలోనూ ఇదే సమస్య రావచ్చు. వారంటీలో ఉండగా మీరు తీసుకువెళ్లినప్పుడు సర్వీసు సెంటరువారు వెనక మూత విప్పి చూడవలసింది దీనికోసమే. విప్పి చూడకుండా కూలింగ్ ప్యాడ్ కొనుక్కోమన్నారంటే, వారు తమ పని చేయలేదన్నమాట.

ఇక్కడే చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. బోర్డు మీది టంకం వేడికి కరిగి ఊడిపోతుందని అందరూ అనుకుంటారు. ఇప్పుడు వాడే సీసం లేని టంకం 217 డిగ్రీల దగ్గర గానీ కరగదు, కాబట్టి వాడుకలో అది కరగడం జరగదు. ప్రతిరోజూ వేడెక్కి ఉబ్బడం, చల్లబడి కుంచించుకుపోవడం వల్ల ఏడాది, రెండేళ్లకు వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. మీకూ ఇదే జరిగి ఉంటే, లోపం మొదలైంది వారంటీలోనే, బయటపడింది ఆ తరువాత. ఇటువంటివి ప్రపంచంలో పెద్ద ఎత్తునే జరిగాయి. 2008 జూలైలో గ్రాఫిక్స్ చిప్పులు తయారుచేసే ఎన్విడియా సంస్థ, తన కొన్ని చిప్పుల ప్యాకేజింగులోని బలహీనమైన పదార్థం వల్ల ల్యాప్‌టాపులు విఫలమవుతున్నాయని ప్రకటించి, ఆ ఖర్చుల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. 2011 నుంచి 2013 వరకు అమ్మిన కొన్ని మ్యాక్‌బుక్ ప్రో యంత్రాలలో తెర చెదిరిపోయే లోపం బయటపడితే, వారంటీ దాటినవాటిని కూడా ఉచితంగా బాగుచేస్తామని ఆపిల్ సంస్థ 2015 ఫిబ్రవరిలో ప్రకటించింది. వారంటీ గడువు ముగియడమూ, తయారీదారు బాధ్యత ముగియడమూ ఒకటి కాదని ఈ రెండు సందర్భాలూ చూపుతున్నాయి.

మన చట్టంలోనూ అంతే. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, వస్తువులో లోపం ఉన్నా, సేవలో లోపం ఉన్నా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. లోపాన్ని సరిచేయమనీ, వస్తువు మార్చమనీ, డబ్బు తిరిగి ఇవ్వమనీ, పరిహారం చెల్లించమనీ ఆదేశించే అధికారం 39వ సెక్షన్ కింద ఆ కమిషన్‌కు ఉంది. మీరు దాన్ని సంపాదన కోసం వాడారు కాబట్టి వినియోగదారు కారని అవతలివారు వాదించవచ్చు. కానీ వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారన్న నియమం, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారికి వర్తించదని చట్టమే చెబుతోంది. ఎక్కడ కొన్నా, మీరు నివసించే ప్రాంతానికి చెందిన కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువైన వస్తువుకు రుసుము లేదు, వకీలును పెట్టుకోవాలన్న నిర్బంధమూ లేదు.

మీ ఫిర్యాదుకు ప్రాణం 2024 ఏప్రిల్ నాటి జాబ్ షీటు, అంటే యంత్రం తీసుకునేటప్పుడు సమస్య ఏమిటో రాసి సర్వీసు సెంటరువారు ఇచ్చే కాగితం. ఆ కాగితం వెంటనే వెతికి, ఫొటో తీసి భద్రపరచండి. కాగితం దొరకకపోతే, ఆ రోజు ఫోనుకు వచ్చిన సందేశమైనా ఉందేమో చూడండి. వారంటీలో ఉండగానే వేడి గురించి ఫిర్యాదు చేశారనీ, బాగుచేయకుండా తిప్పి పంపారనీ చెప్పగలిగేది అదొక్కటే. ఇప్పుడు సర్వీసు సెంటరుకు మళ్లీ వెళ్లి, 52,000 అంచనాను నోటిమాటగా కాక, బోర్డులో ఏ భాగం ఏ కారణంతో పోయిందో రాసిన కాగితంగా అడగండి. ఆ కాగితం వచ్చాక కంపెనీకీ, అమ్మినవారికీ జరిగినదంతా తేదీలతో రాసి, 15 రోజుల గడువిచ్చి, స్పీడ్ పోస్టులో పంపండి. ఆ గడువులోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కమిషన్ దాకా వెళ్లకుండానే కంపెనీ దిగివచ్చి, బోర్డు ఖర్చులో సగమైనా భరిస్తానని అనే అవకాశం ఉంది. అలా అంటే, రాతపూర్వకంగా ఇస్తే, ఒప్పుకోవడం మంచిదనే నా అభిప్రాయం. లేదంటే వినియోగదారుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం నడిపే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. ఫిర్యాదుకు గడువు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. యంత్రం ఆగిపోయిన 2025 ఆగస్టు నుంచి లెక్క అని మీరు అంటారు, మొదట వేడెక్కిన 2024 ఏప్రిల్ నుంచి అని వారు అనవచ్చు. 2026 ఏప్రిల్ రాకముందే వేసేస్తే ఆ వాదనకు తావే ఉండదు. గెలుపు ఖాయమని మాత్రం నేను చెప్పలేను. తయారీలోనే లోపం ఉందని చూపవలసిన భారం చాలావరకు మీ మీదే ఉంటుంది, అవసరమైతే కమిషన్ ఆ యంత్రాన్ని పరీక్షకు పంపుతుంది. బోర్డును ఎవరి చేతా ముట్టించవద్దని మొదట్లో చెప్పింది అందుకే.

మీ నమూనాల విషయంలో నిరాశపడకండి. బోర్డు పోయినంత మాత్రాన ఫైళ్లు పోవు. చాలా యంత్రాలలో వాటిని దాచే ఎస్ఎస్‌డీ చూయింగ్ గమ్ బిళ్లంత పొడుగున విడిగా బిగించి ఉంటుంది. సర్వీసు సెంటరువారి చేతనే దాన్ని తీయించి, తీసినట్టు జాబ్ షీటు మీద రాయించుకోండి. దాన్ని యూఎస్‌బీ తీగతో తగిలించే చిన్న డబ్బాలో, అంటే కొద్ది ధరకే దొరికే ఎన్‌క్లోజర్‌లో పెట్టి వేరే కంప్యూటరుకు తగిలిస్తే ఫైళ్లు కనిపించాలి. అప్పుడు డిస్కుకు విండోస్ వేసే తాళమైన బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగితే కంగారు పడకండి. ల్యాప్‌టాప్‌లో మీరు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోను నుంచి లాగిన్ అయితే సాధారణంగా అది అక్కడే ఉంటుంది. ఎస్ఎస్‌డీ బోర్డుకే టంకం వేసి ఉన్న మోడల్ అయితే మాత్రం, ఫైళ్ల కోసమైనా బోర్డుకు ప్రాణం పోయించక తప్పదు. ఇంకొక్క మాట: ఆ డిస్కులో విండోస్ రాసుకున్న ఈవెంట్ లాగులు, అంటే యంత్రంలో ఎప్పుడేం జరిగిందో చెప్పే చిట్టా కూడా ఉంటుంది. యంత్రం అర్ధంతరంగా ఆగిన ప్రతిసారీ ‘కెర్నెల్-పవర్ 41’ అనే నమోదు తేదీతో సహా పడుతుంది. కారణం అది చెప్పదు, పాతవి చెరిగిపోయి ఉండవచ్చు కూడా, అయినా మిగిలినవాటిని తెలిసినవారి చేత ప్రింటు తీయించి ఫిర్యాదుకు జతచేయండి.

బాగు చేయించాలా అన్నదానికి నా సమాధానం సూటిగా చెబుతాను. 84,000 వస్తువుకు 52,000 పెట్టి అదే బోర్డు వేయించడం వద్దు. అదే గాలి దారి, అదే మడత, అదే వేసవి మళ్లీ వస్తాయి. ఫిర్యాదు సంగతి తేలాక చిప్ లెవెల్ రిపేరు, అంటే బోర్డంతా మార్చకుండా పోయిన చిన్న భాగాన్నే మార్చే పని చేసే షాపుకు ఇవ్వవచ్చు. కానీ ‘వేడి పెట్టి లేపడం’ పగిలిన టంకాన్ని కొన్ని వారాలకు అతికించే ఉపాయం మాత్రమే. మీటరు పెట్టి ఏ లైనులో షార్టు ఉందో మీ ఎదుట చూపించి, పోయిన భాగాన్ని మార్చి, కనీసం మూడు నెలల హామీ రాసిచ్చేవారికే ఇవ్వండి. ఈలోగా మీ పని ఆగకూడదు కాబట్టి, మామూలు ల్యాప్‌టాప్‌కు, అది సెకండ్‌హ్యాండ్‌దైనా సరే, విడిగా తగిలించుకునే తెరలేని పెన్ ట్యాబ్లెట్ కొనుక్కోండి. కొన్ని వేలలోనే వస్తుంది. చెయ్యి బల్ల మీద, కన్ను తెర మీద ఉంచి గీయడం అలవాటు కావడానికి ఒక వారం పడుతుంది, ఆ తరువాత లేసు పువ్వు వంపులకు అది చక్కగా సరిపోతుంది.

ప్రశ్న: మాది రాజోలు. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయికి ఇలాంటి మడత ల్యాప్‌టాపే ఉంది. బాగా వేడెక్కుతోంది, టచ్‌ప్యాడ్ కాస్త పైకి లేచినట్టుంది. వారంటీ ఇంకా మూడు వారాలే ఉంది. పరీక్షలయ్యాక చూపిద్దామని వాడు అంటున్నాడు. ఆగవచ్చా?

జవాబు: ఆగవద్దు, రేపే తీసుకువెళ్లండి. టచ్‌ప్యాడ్ లేచిందంటే దాని కింద బ్యాటరీ ఉబ్బి ఉండే అవకాశం ఎక్కువ. ఈ రాత్రి నుంచే ఛార్జింగు పెట్టడం మానండి, ఫైళ్లు పెన్ డ్రైవ్‌లోకి తీసుకుని ఆపేయండి, పైకి లేచినచోట అదిమి సరిచేసే ప్రయత్నం చేయవద్దు. ఉబ్బిన బ్యాటరీకి ఏదైనా గుచ్చుకుంటే నిప్పు అంటుకోవచ్చు. సర్వీసు సెంటరులో ‘బాగా వేడెక్కుతోంది, టచ్‌ప్యాడ్ లేచింది’ అని మీ మాటల్లోనే జాబ్ షీటు మీద రాయించి, కాపీ చేతిలో పడ్డాకే ల్యాప్‌టాప్ అప్పగించండి. వారంటీ లోపలి తేదీతో ఉన్న ఆ కాపీని మీ అబ్బాయి సర్టిఫికెట్లతో పాటే బీరువాలో పెట్టండి.