గేజీ చూసుకుంటూ ఉండరా బుజ్జీ

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

కార్తీకమాసం నుంచి ఇప్పటికి తొమ్మిది కిలోలు తగ్గానని నిన్న ఫోనులో గొప్పగా చెప్పావు. శభాష్ అందామనుకున్నాను గానీ నోరు రాలేదురా. పోయినేడు కూడా ఇలాగే ఏడు కిలోలు తగ్గి, సంక్రాంతికి మొదలెట్టి ఉగాదికల్లా తొమ్మిది పెరిగావు. అంతకు ముందేడూ అదే వరస. నీ ప్యాంట్లు ఓసారి బిగించి, ఓసారి వదులు చేసి టైలరు బాగుపడుతున్నాడు.

నేను ముప్ఫయ్యేళ్ళు లాకుల దగ్గర లస్కరుగా చేశాను కదా. పొద్దున్నే గేజీ, అంటే కాలువలో నీటిమట్టం చూపే కొలబద్ద, చూసి పుస్తకంలో రాయాలి. వేసవిలో కాలువ కట్టేసేటప్పుడు నీళ్ళు మెల్లగా దించాలి. ఒక్కసారిగా దించేశామంటే, నీరు తాగి బరువెక్కిన గట్టుకి ఎదురు ఆనిక ఉండదు, మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లోపలికి జారిపోతుంది. నిండుగా పారినన్నాళ్ళూ చెక్కుచెదరని గట్టు కూడా అంతే. ఒంటి సంగతీ కాస్త ఇలాంటిదేనని నాకు స్టెంటు వేసిన డాక్టరుగారు చెప్పేదాకా నాకూ తెలీదు.

రిటైరైన ఏడాది నేనూ ఓ పొడి తాగాను. అమ్మినాయన పేరెందుకులే. పొద్దున పొడి, రాత్రి పొడి, మధ్యాహ్నం గుప్పెడు అన్నం. రెండున్నర నెలల్లో పదకొండు కిలోలు పోయాయి. ఊళ్ళో అందరూ మెచ్చుకుంటే పొంగిపోయి బీపీ బిళ్ళలు కూడా మానేశాను, ఎంత వెర్రివాణ్ణో చూడు. పొడి ఆపేసిన ఆర్నెల్లలో పదమూడు కిలోలు తిరిగొచ్చాయి. ఆ మరుసటేడు గుండెపోటు. అది పొడి వల్లే వచ్చిందని డాక్టరు అనలేదు, నేనూ అనను. చుట్ట కాల్చిన పాపం ఎక్కడికి పోతుంది?

ఆయన చెప్పింది ఇది. పస్తులుంటే ముందు నీరు పోతుంది, కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. మళ్ళీ తిన్నాక వచ్చేది మాత్రం ఎక్కువగా కొవ్వే. పెరిగే రోజుల్లో బీపీ, షుగరు, రక్తంలో కొవ్వు కూడా పైకెక్కుతాయి. 2017లో గుండెజబ్బున్న తొమ్మిదిన్నర వేలమంది లెక్కలు బయటికొచ్చాయట. బరువు కిలో లోపే అటూ ఇటూ అయినవాళ్ళతో పోలిస్తే, నాలుగు కిలోల దాకా ఊగినవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం, చావు రెట్టింపుకి పైగా కనబడ్డాయి. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని 1948 నుంచీ గమనిస్తున్నారు. వాళ్ళ లెక్కల్లోనూ 1991లో ఇలాంటిదే తేలింది. అయితే ఊగడమే కారణమని తేలిపోలేదన్నారు. లోపల జబ్బుండి చిక్కిపోయినవాళ్ళూ అందులో ఉండొచ్చు కదా. ఇది విని ‘అయితే తగ్గడమే వద్దు’ అని పడుకోకు. బొజ్జతో కూర్చోవడమూ చేటే.

నీకు నా మాట ఒక్కటే. వచ్చే కార్తీకానికీ నిలబెట్టుకోగల బరువుకే దిగు. వారానికి అరకిలో చాలు. ఎనభై కిలోలవాడు నాలుగు తగ్గి నిలబెట్టుకున్నా బీపీకి, షుగరుకి మేలే. అన్నం ఓ గరిటె తగ్గించి చేపో పప్పో గుడ్డో పెంచు, కండ నిలుస్తుంది. సాయంత్రం గట్టు మీద ముప్పావుగంట నడు. పండక్కి రెండు అరిసెలు తిన్నావని మర్నాడు పస్తుండకు, నీ చిక్కంతా అక్కడే మొదలవుతోంది. బొడ్డు దగ్గర టేపు పెట్టి చూసుకో. మనవైపు మగాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. ఆడాళ్ళకి 80. షుగరు బిళ్ళలు వేసుకుంటూ తిండి తగ్గిస్తే డాక్టరుకి ముందే చెప్పాలి, లేకపోతే షుగరు పడిపోతుంది.

మిషను రోజూ అరకిలో, కిలో తేడా చూపిస్తే కంగారుపడకు. ముందురోజు రాత్రి ఆవకాయ, ఎండుచేపలు తింటే ఉప్పుకి నీరు నిలుస్తుంది. పొద్దున్నే దొడ్డికెళ్ళొచ్చి, కాఫీకి ముందు చూసుకో. ఏ ప్రయత్నమూ లేకుండా తగ్గిపోతుంటే మాత్రం మురిసిపోకుండా వెళ్ళి షుగరు, థైరాయిడ్ చూపించుకో.

మీ నాన్న సంగతి వేరు. వాడి గుండె పంపింగు తక్కువుందన్నారు కదా, వాడు రోజూ చూసుకోవాల్సిందే. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే అది కొవ్వు కాదురా, నీరు. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోవడం, పడుకుంటే ఆయాసం రావడం కనబడితే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యి. ‘పండగెళ్ళాక చూద్దాం’ అంటాడు, వాడి మాట వినకు.

నా పాత గేజీ పుస్తకంలో సగం కాయితాలు ఖాళీగా ఉన్నాయి. గీతలు గీసి తేదీలు వేసి ఉంచాను, వాడి బరువు రాయడానికి పనికొస్తుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభలు చూడ్డానికి ఎలాగూ వస్తావు, అప్పుడు పట్టుకెళ్ళు. మీ పెద్దమ్మ అరిసెలకి బియ్యం నానబోస్తోంది. నీకు నాలుగు కడుతుందట, రెండు చాలన్నాను.

మీ పెదనాన్న