గదిని ‘కది’ అని రాసే పిల్లలకు ఇంపోజిషన్ వద్దు

మేడమ్, నగరి దగ్గర మీ మూడో తరగతి పిల్లలు కొందరు బోర్డు చూసి తప్పు లేకుండా రాస్తారు, డిక్టేషన్ చెబితే మాత్రం గదిని ‘కది’ అని, గంపను ‘కంప’ అని రాస్తున్నారన్నారు. పదేసి సార్లు రాయించినా మారలేదన్నారు. మారదండీ. తప్పు చేతిది కాదు, చెవిది.

వాళ్ల ఇళ్లలో తమిళం అన్నారు కదా. తమిళ లిపిలో మన క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. మాట మొదట్లో వస్తే మామూలుగా ‘క’ అనే పలుకుతారు. అలాంటి చెవికి కంపకీ గంపకీ తేడా ఎక్కడ దొరుకుతుంది?

కొన్నాళ్లు పలక పక్కన పెట్టించండి. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, సాగదీయకుండా ‘క్’, ‘గ్’ అనమనండి. ‘గ్’ అన్నప్పుడు వేళ్లకు అదురు తెలుస్తుంది. మా క్లాసులో ఒకడు “సార్, లోపల తేనెటీగ ఉంది” అన్నాడు. ఆ రోజు నుంచి మాకు గ, జ, ద, బ తేనెటీగ అక్షరాలే.

తర్వాత ఆట. మీరు నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని కాలి-గాలి, తడి-దడి, పాట-బాట అంటూ పోండి. తేనెటీగ వినిపిస్తే చెయ్యెత్తాలి. రోజూ పది నిమిషాలు చాలు. చేతులు తడబడకుండా లేచాకే డిక్టేషన్ మొదలుపెట్టండి.

ఖ, ఘ, ఫ లాంటి ఒత్తక్షరాల జోలికి ఇప్పుడే పోకండి. ‘ఫలం’ అని ఒత్తి పలికేవాళ్లు మన స్టాఫ్ రూముల్లోనే ఎంతమంది?