వియత్నాం మొత్తం ఒకే ట్రిప్‌లో చూడాలంటే ఏ నెల మంచిది?

కోనసీమ నుంచి వెళ్లి వియత్నాంను హనోయ్ నుంచి హో చి మిన్ సిటీ దాకా ఒకే ప్రయాణంలో చూడాలంటే మార్చి నెల అన్నిటికన్నా అనుకూలం. దాళ్వా కోతలు ఊపందుకునేలోపు తిరిగి రావచ్చు కూడా.

కారణం దేశం పొడవు. ఆ రెండు నగరాల మధ్య రైలు దారే 1,726 కిలోమీటర్లు. దక్షిణాన మెకాంగ్ డెల్టాలో వానాకాలం దాదాపు మనలాగే, మే నుంచి అక్టోబర్ వరకు. మధ్య తీరం తీరు వేరు. నైరుతి గాలుల తడిని పడమటి కొండలు ఆపేస్తాయి కాబట్టి జూన్, జూలైల్లో అక్కడ ఎండ మండిపోతుంది. ఈశాన్య గాలులు మొదలయ్యాక సముద్రం మీది తేమ అవే కొండలకు తూర్పువైపు తగిలి, అక్టోబర్, నవంబర్‌లలో కుండపోతగా కురుస్తుంది.

ఉదాహరణకు, దసరా సెలవులకు టికెట్లు తీశారనుకోండి. మధ్య తీరంలోని హోయ్ ఆన్ పట్టణంలో తూ బోన్ నది పొంగితే పాత బజారు వీధుల్లో పడవలు తిరిగే రోజులవి. మన లంకల్లో జూలై, ఆగస్టుల్లో చూసేదే అక్కడ అప్పుడు కనిపిస్తుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా ఆలోచించుకోవాలి.

డిసెంబర్‌లో వెళ్తే ఏ టెన్షనూ ఉండదని చాలామంది అనుకుంటారు. దక్షిణం వరకు అది నిజమే. మధ్యలో మాత్రం ముసురు పూర్తిగా వదలదు, ఉత్తరాన సాపా కొండల్లో మామూలు స్వెట్టర్ చాలదు. మార్చిలో హనోయ్‌లో సన్నటి తుంపర పడుతుంది కానీ దానివల్ల ప్రయాణం ఆగదు.