గోడకి మొక్కల బొమ్మలు: అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

భోజనాల బల్ల వెనక గోడకి కరివేపాకు, తులసి, కొత్తిమీర, పసుపు బొమ్మలు నాలుగు పెట్టాలనుకుంటున్నానని, ఆన్‌లైన్‌లో ఏవి కొనమంటారని అడిగావు. నా మాట వింటే రెడీమేడ్ సెట్లు కొనకు. వాటిలో ఖర్చంతా పైచెక్కకే పోతుంది. లోపల ఉండేది పల్చటి కాగితం మీద అచ్చేసిన మసక బొమ్మ. ఆ డబ్బు మంచి ఫైలు మీద, కాగితం మీద, మౌంటు (బొమ్మ చుట్టూ కిటికీలా కోసి వేసే అట్ట) మీద పెట్టి, చెక్క మామూలుది వేయించుకో.

ఇంకో తంటా కూడా ఉంది. ఈమధ్య అమ్మేవాటిలో కంప్యూటరు కల్పించిన బొమ్మలు బాగా కలుస్తున్నాయి. ముచ్చటగానే ఉంటాయి కానీ ఏ పెరట్లోనూ మొలిచేవి కావు. కనిపెట్టడానికి నీ ఫ్రిజ్‌లో ఉన్న రెబ్బ చాలు. కరివేపాకు రెబ్బ ఒకటి బల్ల మీద పెట్టుకుని చూడు. ఆకులు నిచ్చెన మెట్లలా ఎదురెదురుగా జతలు కట్టవు. ఎడమొకటి, కాస్త పైన కుడొకటి, అలా వెళ్లి కొసన ఒంటి ఆకుతో ఆగుతుంది. మొదట్లో ఆకులు చిన్నవి, పైకి పోయేకొద్దీ పెద్దవి. తులసి కాడని వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలు తగులుతాయి. ఒక జత ఆకులు తూర్పు పడమరలకి తిరిగితే పై జత ఉత్తర దక్షిణాలకి తిరుగుతుంది. కొత్తిమీర బొమ్మకైతే ఒకటే పరీక్ష. పూతకొచ్చిన మొక్కలో కింది ఆకు మనం కూరలో వేసే వెడల్పాటిది, పై ఆకు సోంపు ఆకులా దారాలు దారాలుగా ఉంటుంది. ఆ రెండూ ఒకే బొమ్మలో కనబడితే గీసినవాడు మొక్కని ఎదురుగా పెట్టుకుని గీశాడని నమ్మొచ్చు.

అలా చూసి గీసిన పాత బొమ్మలు కాపీరైటు తీరిపోయి ఉచితంగా దొరుకుతున్నాయి. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్లలో వెతుకు. కరివేపాకు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు 1781 నుంచి మన సామర్లకోటలో ఉండి, ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి లండన్ పంపాడు. వాటిలో ఏరిన 300 బొమ్మలు ‘కోరమండల్ తీరపు మొక్కలు’గా 1795 నుంచి మూడు సంపుటాల్లో వచ్చాయి. రెండో సంపుటంలో కరివేపాకు ఉంది. ఆ మొక్క శాస్త్రీయ నామంలో ‘కోనిగీ’ అని ఉంటుందే, అది ఎవరి పేరో ఆ వృక్షశాస్త్రజ్ఞుడు కోనిగ్ కూడా 1785లో కాకినాడ జగన్నాథపురంలోనే పోయాడు. పసుపు, కొత్తిమీర, అల్లం, మిరియాలకి జర్మనీలో 1887లో మొదలైన కోహ్లర్ ఔషధ మొక్కల పుస్తకం బాగుంటుంది; వేరు, పువ్వు, గింజ కోసి విడివిడిగా చూపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. రాక్స్‌బర్గ్‌వి రాగిరేకు మీద సన్నగీతలతో చెక్కి చేత్తో రంగులద్దినవి, కోహ్లర్‌వి రాతి అచ్చులో రంగు మీద రంగు వేసినవి. ఒకే వరసలో కలిపితే పెళ్లి పందిట్లో రెండు బాజాల్లా ఉంటుంది. నాలుగూ ఒకే పుస్తకంలోంచి తీసుకో, లేదా కరివేపాకుని వేరే గోడకి పెట్టు.

పేర్ల దగ్గర కూడా మోసపోవద్దు. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో బేసిల్ అని కనిపించేది మన తులసి కాదు, సబ్జా గింజలిచ్చే రుద్రజడ. కోహ్లర్ పుదీనా పిప్పరమెంటు జాతి, ఆకుకి తొడిమ ఉంటుంది. మన బజారు పుదీనా ఆకు దాదాపు కాడకే అంటుకుని ఉంటుంది. బ్రాహ్మి అని రాసి ఉంటే మరీ జాగ్రత్త. గుండ్రటి ఆకు, పొడుగాటి తొడిమ ఉంటే మన సరస్వతి ఆకు. చిన్న మందపాటి ఆకులు జతలుగా కాడకి అంటుకుని ఉంటే అది నీటి ఒడ్డున పాకే వేరే మొక్క. రెండింటినీ అదే పేరుతో పిలుస్తారు.

ఇక ఫైలు. తెర మీద కనిపించే బొమ్మని రైట్ క్లిక్ కొట్టి దాచుకోకు, అది చూడ్డానికే. డౌన్‌లోడ్ దగ్గర ఉండే పెద్ద ఫైలు తీసుకో. నిలువు పిక్సెళ్లని 300తో భాగిస్తే ఎన్ని అంగుళాల ఎత్తున అచ్చేయొచ్చో తెలుస్తుంది. ఏ4కి 2480 × 3508 కావాలి. నాలుగడుగుల దూరం నుంచి చూసేదైతే 200తో భాగించినా నడుస్తుంది. 150కి దిగితే సన్నగీతలు అలుక్కుపోతాయి. చిన్న ఫైలుని సాఫ్ట్‌వేరుతో సాగదీయకు, ఆకు ప్లాస్టిక్ ఆకైపోతుంది.

అందరూ పాడుచేసేది రంగు దగ్గరే. స్కాన్‌లో పాత కాగితం పసుపుపచ్చగా ఉంటుంది. అలాగే అచ్చేస్తే తెల్ల కాగితం మీద మురికి అట్టముక్క అతికించినట్టుంటుంది. పోనీ అని మొత్తం తెల్లగా తోమేస్తే పువ్వు మీది లేత గులాబీ, లేతాకు మీది పలచటి పూత కూడా పోతాయి, ఎందుకంటే అవి కాగితం రంగుకి ఒక్క పిసరే ఎక్కువ. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేరులో లెవెల్స్ అని వెలుగు సరిచేసే చోట కాగితం భాగం ఎరుపు 245, ఆకుపచ్చ 240, నీలం 228 దరిదాపుల్లోకి వచ్చేదాకా జరిపి అక్కడ ఆపు. మరకలు తుడువు, కానీ కింద మూలన చెక్కినవాళ్ల పేరు, బొమ్మ నంబరు తుడవకు. రాగిరేకు నొక్కిన గీత చుట్టూ లీలగా కనబడితే దాన్నీ ఉంచు.

తెర మీది పచ్చదనం కాగితం మీద అంత వెలుగుగా రాదు. అందుకని ముందు ఒక ఆకు, ఒక పువ్వు ఉన్న ముక్కని అసలు సైజులోనే 4 × 6 అంగుళాల కాగితం మీద అచ్చేయించి, మీ భోజనాల గది లైటు కింద రాత్రిపూట చూడు. షాపు ట్యూబులైటు కింద సరిపోయిన పచ్చ మీ పసుపు ఎల్‌ఈడీ కింద గోధుమరంగుకి తిరగొచ్చు.

ఫ్లెక్సీలు వేసే చోట, స్టిక్కర్లు వేసే చోట ఇవ్వకు. పిగ్మెంట్ ఇంకు (త్వరగా వెలిసిపోని పొడి రంగు) తో ఇంక్‌జెట్ వేసే షాపు వెతికి, 230 నుంచి 310 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) మధ్య, మెరవని మ్యాట్ కాటన్ కాగితం అడుగు. గ్లాసీ ఫోటో కాగితం మీద మొక్క కన్నా కిటికీయే ఎక్కువ కనిపిస్తుంది. లేజరు ప్రింటు చవకే, కానీ ముదురాకు మీద టోనరు మెరుస్తుంది, లేతాకు మీద మెరవదు. ఇంట్లో ఇంక్ ట్యాంకు ప్రింటరుంటే చాలావాటిలో నలుపొక్కటే పిగ్మెంటు, రంగులు డై, అంటే నీళ్లలో కరిగే, ఎండకి వెలిసే రకం. ఎండ పడే గోడకి పనికిరాదు. ప్రింటు చేతికొచ్చాక ఒక రోజంతా ఆరనివ్వు. వెంటనే ఫ్రేములో బిగిస్తే ఇంకులోంచి వచ్చే ఆవిరి అద్దం లోపల పొగలా పడుతుంది.

కింద తెలుగు పేరు వేయించుకుంటే ముచ్చటగా ఉంటుంది, అయితే అక్షరాలు వర్డ్ ఫైలుగా పంపితే షాపు కంప్యూటర్లో ఒత్తులు విడిపోవచ్చు. ‘కొత్తిమీర’లో ‘త్తి’ ముక్కలై బయటికొచ్చాక గానీ చూడరు. పీడీఎఫ్ చేసి పంపు, తెరిచి చూపించమని అక్కడే చదువు.

ఏ4 ప్రింటుకి 12 × 16 అంగుళాల ఫ్రేము తీసుకో. మౌంటు కిటికీ 200 × 287 మి.మీ. కోయించు, అప్పుడు ప్రింటు నాలుగు అంచులూ 5 మి.మీ. చొప్పున లోపల దాక్కుంటాయి. పక్కల 52 మి.మీ. చొప్పున, పైన 56, కింద 63. కింద ఆ కాస్త ఎక్కువ లేకపోతే బొమ్మ జారిపోతున్నట్టుంటుంది. ఫ్రేములు కట్టేవాళ్లు అలవాటు కొద్దీ ప్రింటుని హార్డ్‌బోర్డుకి జిగురుతో అంటించేస్తారు. ఒద్దని ముందే చెప్పు. కాగితం వానాకాలంలో సాగుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది; నాలుగు పక్కలా పట్టేస్తే అలలు తేలుతుంది. యాసిడ్ లేని కాగితపు టేపు 3 సెం.మీ. ముక్కలు రెండు, పై అంచుకి మాత్రమే వేసి వేలాడదీయాలి. సెల్లోటేపు వేస్తే పచ్చబడి మరక దిగుతుంది. ప్రింటు అద్దానికి తగలకూడదు, మౌంటు పనే అది.

గోడ మీద పెట్టేముందు న్యూస్‌పేపరు ఫ్రేము సైజుకి కత్తిరించి అంటించి చూసుకో. చెక్క అంచులు కూడా కలుపుకుంటే, మధ్య రెండంగుళాల ఖాళీతో నాలుగు ఫ్రేములకి సుమారు 58 అంగుళాలు కావాలి, మీ అయిదడుగుల బల్లకి సరిపోతుంది. కూర్చుని చూసే చోటు కాబట్టి నిలబడ్డవాళ్ల కంటి ఎత్తుకన్నా అరడుగు దించు. పొయ్యికి ఆరడుగుల లోపు వద్దు, పోపు నూనె ఆవిరి అక్కడిదాకా వస్తుంది. తులసి బొమ్మ దేవుడి గూటి పక్కన పెడతానంటే దీపం మసికి రెండడుగుల దూరం ఉంచు. బయటి గోడైతే ఫ్రేము కింది మూలల వెనక 5 మి.మీ. కార్కు ముక్కలు అంటించు, గోడ చెమ్మ అట్టకి తగలకుండా గాలాడుతుంది. అద్దం తుడిచేటప్పుడు నీళ్లు గుడ్డ మీద చల్లుకో, అద్దం మీద కాదు. అంచులోంచి లోపలికి దిగితే మౌంటు ఉబ్బుతుంది.

మౌంటు కోయించేముందు కొలతలు రాసిన కాగితం ఫోటో తీసి పంపు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ పెదనాన్న